కొలువు పోతుందన్న భయం

మనుష్యుని పీడించే భయాలను గురించి మన పెద్దలు ఎంతో ఆలోచించారు. మృత్యుభయం, చోరభయం, అగ్నిభయం, సర్పభయం, రాజభయం అని వాటికి పేర్లు పెట్టి, కొన్నిటికి శాంతులు కూడా విధించారు. ఉద్యోగ భయమన్న పేరు మాత్రం నేను ఎక్కడా చూడలేదు. నెల జీతంమీద సంసారం నడిపే గృహస్థులు ఆ రోజులలో బహు కొద్దిమంది కావడం ఇందుకు కారణం కావచ్చును. పొలం ఉన్నవానికి వాన ముఖం చాటేస్తుందేమోనని భయం. చేతిలో విద్య ఉన్నవానికి గిరాకీ తగ్గుతుందేమోనని భయం. కాని ఒక్క కాగితం ముక్కతో రేపటి భుక్తి నిలిచిపోతుందన్న భయం మాత్రం నౌకరీతోనే పుట్టింది, నౌకరీతోనే పెరిగింది.

ఆ భయం పట్టుకున్న మనిషి పనిచేసే చోట ఏమి చేస్తాడు, ఏమి చేయడు అన్నది ఈనాటి ప్రసంగ విషయం. భయం ఉంటేనే పని సాగుతుందని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. భయపడినవాడు పని మానడు. అయితే అతడు మానేసేది మరొకటి ఉన్నది. చూసినది చూసినట్లు పైవారికి చెప్పడం మానేస్తాడు. ఈ నష్టం జమాఖర్చులలో కనిపించదు. హాజరు పట్టీలోనూ కనిపించదు. అందుచేతనే దీనిని ఎవరూ లెక్కకు తీసుకోరు.

కొలువులోని భయం మన సాహిత్యానికి కొత్త కాదు. అజ్ఞాతవాసానికి బయలుదేరిన పాండవులకు పురోహితుడైన ధౌమ్యుడు సేవాధర్మం ఉపదేశించిన ఘట్టం తిక్కన సోమయాజి విరాటపర్వంలో ఉన్నది. రాజు ఎదుట ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు నోరు విప్పాలి, అంతఃపురపు సంగతులకు ఎంత దూరంగా ఉండాలి అని ఆయన విడమరచి చెబుతాడు. కొత్తగా చేరిన గుమాస్తాకు పాత గుమాస్తా మధ్యాహ్న భోజనవేళ గొంతు తగ్గించి చెప్పే మాటలు ఇంచుమించు అవే.

అదే పర్వంలో మరికొంత దూరం వెళితే మరొక ఘట్టం వస్తుంది. ఉత్తర గోగ్రహణంలో కౌరవులు ఓడిపోయినారన్న వార్త విని, విరాటరాజు తన కుమారుడే గెలిచాడని ఉబ్బిపోతాడు. పట్టణం అలంకరించమని ఆజ్ఞాపించి, కంకుభట్టుతో జూదానికి కూర్చుంటాడు. బృహన్నల సారథిగా ఉండగా గెలుపుకు లోటేమున్నదని కంకుడు అంటాడు. రాజు కోపిస్తాడు. కంకుడు మళ్ళీ అదే మాట అంటాడు. రాజు చేతిలోని పాచిక కంకుని ముఖానికి తగులుతుంది. కారిన నెత్తురు నేల పడకుండా సైరంధ్రి పట్టుకుంటుంది. ఏలినవారికి ఇష్టంలేని నిజాన్ని ఏలినవారి ముఖంమీద చెప్పినందుకు లభించిన బహుమానం అది. ఆ ధైర్యం అతనికి ఎట్లా వచ్చిందని అడిగితే, ఆయన ధర్మరాజు గనుక వచ్చిందని పౌరాణికులు చెబుతారు. ఆ మాట కాదనను. కాని అప్పటికి అజ్ఞాతవాసపు గడువు తీరిపోయింది. విరాటుని కొలువుతో ఆయనకు ఇక పని లేదు. ఈ రెండవ కారణాన్ని కూడా చిన్నదిగా చూడడానికి నాకు మనసొప్పదు. ఒకటవ తారీఖున బియ్యం కొనవలసినవాడు పాచిక దెబ్బకు సిద్ధపడి మాట్లాడటం కష్టం.

ఇక నేటి కార్యాలయానికి వద్దాము. భయపడే ఉద్యోగిని చూసి ఎవరూ సోమరి అనలేరు. అందరికన్నా ముందు వస్తాడు. పై అధికారి కారు కదిలే వరకు కుర్చీ వదలడు. ఒళ్ళు కాలే జ్వరంతో వచ్చి మాత్ర మింగి కూర్చుంటాడు. అయితే ఆ పది పన్నెండు గంటలలో జరిగే పనిని పట్టి చూస్తే అందులో సగం ఆత్మరక్షణ. తాను తీర్మానించదగిన ఫైలుమీద ఉత్తర్వులకై సమర్పించడమైనదని వ్రాసి పైకి నెడతాడు. పైవాడికీ పైవాడు ఉన్నాడు గనుక అతడూ అట్లే చేస్తాడు. ఒక ఉత్తరానికి ఏడు నకళ్ళు పుడతాయి. రేపు ఏదైనా వస్తే తన దగ్గర ఒక నకలు ఉండాలి కదా. నోటితో చెప్పిన ఉత్తర్వును వ్రాతలో ఇమ్మని అడగాలని ఉంటుంది, అడగటానికి ధైర్యం చాలదు. తెల్లవారి పింఛను కాగితం కోసం వచ్చిన ముసలాయన, సంతకం ఇంకా కాలేదన్న మాట విని మెట్లు దిగిపోతాడు. ఆయన కాగితం ఎవరి భయం కింద నలుగుతున్నదో ఆయనకు తెలియదు.

మరొక లక్షణం ఉన్నది. భయపడినవాడు తనకు వచ్చిన పనిని పక్కవానికి నేర్పడు. ఇరవై ఏళ్ళుగా ఒక యంత్రాన్ని నడుపుతున్న మేస్త్రీ, దాని మొరాయింపు ఎక్కడ మొదలవుతుందో చెవితో విని చెప్పగలడు. ఆ రహస్యం కుర్రవానికి చెబితే, ఎక్కువ జీతం తీసుకునే తన అవసరం యజమానికి తీరిపోతుందేమోనని అతని శంక. ఆ శంక నిరాధారమని చెప్పటానికి మనకు ధైర్యం ఉన్నదా? మేస్త్రీని స్వార్థపరుడని నిందించడం సులభం. అతడు పదవీ విరమణ చేసిన నాడు ఆ విద్య అతనితో కూడా గేటు దాటి వెళ్ళిపోతుంది.

భయం నీరువంటిది, పల్లానికి పారుతుంది. మేనేజరు చేత మాటపడ్డ సూపర్‌వైజరు గుమాస్తామీద విరుచుకుపడతాడు, గుమాస్తా జవానుమీద పడతాడు. అత్తమీది కోపం దుత్తమీద చూపడమంటే ఇదే. జవాను ఇంటికి వెళ్ళి ఏమి చేస్తాడో చెప్పనక్కరలేదు.

ఇదంతా కార్యాలయాల గొడవ, మాకేమని అనుకునే శ్రోతలు ఉండవచ్చును. మీ పిల్లవాడు చదివే ప్రైవేటు పాఠశాలలోని ఉపాధ్యాయినిని తలచుకోండి. వచ్చే జూన్‌లో తాను ఆ బడిలో ఉంటుందో లేదో వేసవి సెలవులు పూర్తి అయ్యేవరకు ఆమెకు తెలియదు. మీ పిల్లవానికి భిన్నాలు పట్టుబడలేదని, ఈ ఏడాది వెనక్కు వెళ్ళి మళ్ళీ మొదటినుండి నేర్పితే తప్ప లాభం లేదని ఆమెకు స్పష్టంగా తెలుసు. ఆ మాట మీతో అంటే మీరు యాజమాన్యం దగ్గరకు వెళతారు. యాజమాన్యం ఆమెను పిలిపిస్తుంది. కాబట్టి ఆమె మార్కుల పట్టికలో బాగున్నదని వ్రాసి చిరునవ్వుతో మీ చేతికి ఇస్తుంది. మీరు సంతోషంగా ఇంటికి వస్తారు. భిన్నాలు మాత్రం అట్లాగే ఉండిపోతాయి. (ఈ సందర్భంలో ఒక్కమాట. నేనూ ఉద్యోగినే. ఈ ప్రసంగ పాఠాన్ని ప్రసారానికి ముందు చూసి ఆమోదించేవారు ఉన్నారు. ఆమోదించారు గనుకనే మీరు వింటున్నారు.)

భయం ఉన్నచోట తప్పులు తగ్గుతాయా, పెరుగుతాయా అన్న ప్రశ్నకు ఒక ఆసుపత్రి పరిశోధన విచిత్రమైన సమాధానం ఇచ్చింది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికా పరిశోధకురాలు రెండు ఆసుపత్రులలోని ఎనిమిది విభాగాలను పరిశీలించి, 1996లో తన ఫలితాలు ప్రకటించింది. రోగులకు మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు ఆమె విషయం. నర్సుల మధ్య ఐకమత్యం, పై అధికారిణి మంచితనం ఉన్న విభాగాలలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించింది. తీరా లెక్కలు చూస్తే, మంచి విభాగాలలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదై ఉన్నవి. ఎవరికైనా మతిపోవలసిన సంగతే. ఓపికగా పరిశీలించగా తేలినదేమంటే, మంచి విభాగాలలో నర్సులు ఎక్కువ పొరపాట్లు చేయడం లేదు. జరిగిన పొరపాటును దాచకుండా చెబుతున్నారు. కఠినురాలైన అధికారిణి కింద పనిచేసే వారి పుస్తకాలు పరిశుభ్రంగా ఉన్నవి. పొరపాటు జరగక కాదు, చెబితే ఏమవుతుందోనన్న జంకు వలన.

ఆ పరిశుభ్రమైన పుస్తకాన్ని చూసి పై అధికారులు ఎంత సంతోషించి ఉంటారో ఆలోచించండి. ఏ విభాగాన్ని మెచ్చుకోవాలి, ఏ విభాగాన్ని మందలించాలి అని కాగితాలనుబట్టి నిర్ణయించే ప్రభువులకు ఈ ఉదాహరణ నిద్ర పట్టనీయకూడదు. మంచంమీద ఉన్న రోగికి కావలసినది తప్పే చేయని నర్సు కాదు, అట్టివారు లోకంలో లేరు. ఒక మాత్రకు బదులు మరొకటి పడిందని తెలిసిన మరుక్షణం డాక్టరు దగ్గరకు పరుగెత్తి చెప్పగల నర్సు కావాలి. అయ్యవారు ఏమి చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని మన సామెత. మనం దానిని ఎగతాళికి వాడుతాము. నాకైతే ఆ అయ్యవారిమీద గౌరవమే. చేసిన తప్పును నలుగురూ చూస్తుండగా దిద్దుకోగల కొలువు ఆయనకు దొరికింది.

తప్పు దాచడం ఒక మెట్టు. భయం ఇంకా ముదిరితే తప్పు చేయించే మెట్టు వస్తుంది. 1852లో స్థాపితమైన వెల్స్ ఫార్గో అనే అమెరికా బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారు చేత ఎనిమిది రకాల ఖాతాలో, కార్డులో తీసుకొనేటట్లు చేయాలని లక్ష్యం పెట్టారు. కౌంటరులో కూర్చునే చిన్న ఉద్యోగులకు రోజువారీ లెక్కలు ఏర్పడినవి. లెక్క కుదరనివారికి ఉద్యోగం మిగలదన్న భయం ప్రబలింది. ఊరిలో ఉన్న మనుషులు ఎందరో అందరే కదా. ఎనిమిదేసి ఖాతాలు వారికి ఎందుకు? ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే వారి పేర ఖాతాలు తెరవసాగారు. 2016 సెప్టెంబరులో ఇది బట్టబయలయ్యేనాటికి, అనుమతి లేకుండా తెరచి ఉంటారని అనుమానించిన ఖాతాలు సుమారు 20 లక్షలు. మరుసటి సంవత్సరం మళ్ళీ లెక్కవేస్తే అవి 35 లక్షలైనవి. ఇందుకు బ్యాంకు ఆనాడు 18 కోట్ల 50 లక్షల డాలర్లు జరిమానా చెల్లించింది. 2020లో మరి 300 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. 2016 సెప్టెంబరుకు ముందు అయిదేళ్ళలో ఈ పనికిగాను ఆ బ్యాంకు పనిలోనుండి తీసివేసినవారు సుమారు 5,300 మంది. ఉద్యోగం పోతుందన్న భయంతో తప్పు చేసినవారికి ఆ తప్పు మూలంగానే ఉద్యోగం పోయింది. లోపల జరుగుతున్నది చెప్పుకొనడానికి బ్యాంకు ఏర్పాటు చేసిన టెలిఫోను ఉండనే ఉన్నది. దానికి ఫోను చేసినందుకే తమను తొలగించారని కొందరు ఆరోపించారు.

మన ఇళ్ళలో ఒకనాడు ప్రతి చేతిలోను ఉన్న నోకియా ఫోను ఎందుకు మాయమయినదని విచారించిన పరిశోధకులు కూడా 2016లో ఇట్టి సంగతే వ్రాశారు. తమ ఫోనులోని యంత్రాంగం కొత్త ఫోన్లకు సరితూగదని మధ్యస్థాయి అధికారులకు తెలుసు. పైవారి ఆగ్రహానికి జంకి, వారు వినగోరిన మాటలే చెబుతూ వచ్చారు. అంతకు ముందే, 2014లో, ఆ ఫోన్ల వ్యాపారం చేతులు మారిపోయింది.

భయం బొత్తిగా లేకపోతే పని సాగుతుందా అని అడిగే పెద్దల మాట తోసివేయదగినది కాదు. కండువా కుర్చీకి తగిలించి కాఫీకి వెళ్ళి, మధ్యాహ్నం దాకా తిరిగిరాని ఉద్యోగిని మనమందరం ఎరుగుదుము. అతనిని ఎవరూ ఏమీ చేయలేరు, ఆ సంగతి అతనికి తెలుసు. కిటికీ అవతల ఎండలో నిలబడినవానికి ఉద్యోగ భద్రత ఒక శాపంలాగానే తోస్తుంది. ఆర్థిక శాస్త్రజ్ఞులు కూడా దీనిని ఆలోచించకపోలేదు. పోలండు దేశీయుడైన కలెస్కీ అనే పండితుడు 1943లో వ్రాసిన ఒక వ్యాసంలో, అందరికీ పని దొరికే రోజు వస్తే ఉద్యోగంనుండి తీసివేస్తామన్న బెదిరింపుకు పదును పోతుందని, యజమానులు దానిని సహించరని తర్కించాడు. అంటే ఈ భయం అనుకోకుండా ఏర్పడినది కాదు, దానితో పని చేయించుకునేవారు ఉన్నారని అర్థం.

కాని ఇక్కడ రెండు భయాలు కలిసిపోతున్నవి. పని ఎగగొడితే శిక్ష పడుతుందన్న భయం ఒకటి. దానికి హద్దులు తెలుసు, తప్పించుకొనే మార్గమూ తెలుసు. పని చేస్తే చాలు. ఎందుకు పోతుందో, ఎప్పుడు పోతుందో తెలియకుండా ఉద్యోగం పోతుందన్న భయం వేరు. నిజం చెప్పనీయనిది ఈ రెండవది. మన రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రభుత్వోద్యోగికి ఇచ్చినది శాశ్వతమైన కుర్చీ కాదు. అభియోగం ఏమిటో చెప్పి, సంజాయిషీ విని, విచారణ జరిపిన తరువాతనే తొలగించవలెనని మాత్రమే అది చెబుతున్నది. మూడు నెలల నోటీసు ఇచ్చి, కారణం చెప్పనక్కరలేకుండా శాశ్వతోద్యోగిని పంపివేయవచ్చునన్న ఒక ప్రభుత్వరంగ సంస్థ నిబంధనను సుప్రీంకోర్టు 1986లో కొట్టివేసింది. ఢిల్లీ రవాణా సంస్థలోని అట్టి నిబంధననే 1990లో చెల్లదన్నది. వేటు వేయవద్దని కోర్టు అనలేదు, చీకటిలో వేయవద్దన్నది. ఒప్పందంమీద ఏడాదికేడాది పొడిగింపు కోసం ఎదురుచూసే ఉద్యోగికి, పొరుగు సేవల ఏజెన్సీ ద్వారా వచ్చే ఉద్యోగికి ఈ గొడుగు నీడ బహు పలుచన. వారిని తొలగించనక్కరలేదు. పొడిగించకుంటే చాలు.

ఈ భయం శరీరాన్ని కూడా వదలదు. లండనులోని ప్రభుత్వోద్యోగులు పదివేలమందికి పైగా ఆరోగ్యాన్ని 1985 నుండి ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద పరిశోధన ఉన్నది. అది జరుగుతుండగా ఒక శాఖను ప్రైవేటువారికి అప్పగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. తక్కిన శాఖలవారితో పోల్చి చూస్తే, ఆ శాఖవారి ఆరోగ్యం ఉద్యోగాలు పోకముందే, పోతాయేమోనని ఎదురుచూస్తున్న కాలంలోనే దిగజారసాగిందని 1995లో ప్రకటించారు. పిడుగు పడకముందే, మబ్బు పట్టినప్పుడే మనిషి సగం కాలిపోతున్నాడన్నమాట.

సముద్రాల అవతల మన పిల్లల సంగతి ఇంతకన్నా క్లిష్టమైనది. అమెరికాలో హెచ్-1బి వీసామీద పనిచేసేవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు చాలామంది. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి ఆ దేశం 2017 నుండి వారికి ఇస్తున్న గడువు అరవై రోజులకు మించదు. ఆపైన వేరే ఆధారం లేకుంటే పెట్టె సర్దుకోవలసిందే. బడికి వెళ్ళే పిల్లలు, ఇంటి అప్పు, అన్నీ ఆ అరవై రోజులలో ఇమడాలి. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని, అమెజాన్ 18,000 మందిని తీసివేయబోతున్నట్లు ప్రకటించినవి. ఆ రోజులలో ఎన్ని ఇళ్ళలో రాత్రి ఫోను మోగిందో, ఎందరు కొడుకులు, కూతుళ్ళు అంతా బాగానే ఉన్నదని చెప్పి పెట్టేశారో లెక్కించగలవారు లేరు. అమ్మా, మా విభాగంలో సగం కుర్చీలు ఖాళీ అని చెప్పగలిగినవారు కొద్దిమందే. పై అధికారికి నిజం చెప్పలేని అలవాటు పడమటి గది వరకు, అక్కడినుండి తల్లి చెవివరకు వచ్చింది.

భయాన్ని తీసివేస్తే ఏమవుతుందో పరీక్షించి చూచినవారు లేరా? ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాను పరిశ్రమలకు పాఠాలు చెప్పిన డెమింగ్ అనే గణాంకవేత్త, 1986లో అచ్చయిన తన గ్రంథంలో కర్మాగారాలకు పధ్నాలుగు సూత్రాలు విధించాడు. భయాన్ని పారద్రోలమన్నది అందులో ఎనిమిదవది. సూత్రాలు వ్రాయడం సులభమని మీరనవచ్చు. ఆచరణలోకి వచ్చిన ఉదాహరణ ఒకటి చెబుతాను.

1974 డిసెంబరు 1వ తేదీన వాషింగ్టన్ నగరానికి దిగవలసిన ఒక విమానం, గాలివానలో ఒక కొండకు కొట్టుకొని అందులోని 92 మంది మరణించారు. దిగడానికి కంట్రోలు నుండి వచ్చిన అనుమతిని విమాన చోదకులు ఒక విధంగా అర్థం చేసుకున్నారు. దాని భావం వేరు. విచారణలో మరొక సంగతి బయటపడింది. అంతకు ఆరు వారాల ముందు వేరొక కంపెనీ విమానం, అదే అనుమతిని అదే విధంగా అపార్థం చేసుకొని, అదే కొండను వెంట్రుకవాసిలో తప్పించుకున్నది. ఆ కంపెనీలో, పొరపాటు చెప్పుకున్న చోదకుని శిక్షించరాదన్న ఏర్పాటు అంతకు కొద్దికాలం ముందే వచ్చింది. కనుక ఆ చోదకులు జరిగినది చెప్పారు. కంపెనీ తన చోదకులందరికీ హెచ్చరిక పంపింది. కాని ఆ హెచ్చరిక కంపెనీ ప్రహరీ దాటి పక్క కంపెనీకి వెళ్ళే దారి లేకపోయింది.

ఆ తరువాత అమెరికా ప్రభుత్వం అన్ని కంపెనీల చోదకులూ పొరపాట్లు తెలుపుకునే ఏర్పాటు చేయదలచింది. లైసెన్సు రద్దు చేసే అధికారం ఉన్న శాఖకే స్వయంగా ఎవరు వ్రాస్తారు? ఆ సంగతి గ్రహించి, 1976లో ఆ పనిని ఎవరినీ శిక్షించే అధికారంలేని నాసా సంస్థకు అప్పగించారు. బుద్ధిపూర్వకంగా చేసిన నేరాలకు, ప్రమాదాలకు అక్కడ మినహాయింపు లేదు. పొరపాటు జరిగిన పది రోజులలో వ్రాసి పంపినవానికి మాత్రం జరిమానా, లైసెన్సు నిలుపుదల వంటి శిక్షలనుండి రక్షణ ఉన్నది. ఇప్పటివరకు అక్కడకు పది లక్షలకు పైగా నివేదికలు చేరినవి. వాటిని చదివి, ప్రమాదం పొంచి ఉన్నచోట అందరికీ హెచ్చరికలు పంపుతున్నారు. నివేదిక పత్రంలో ఒక పక్కన చోదకుని పేరు, చిరునామా వ్రాసే చీటీ ఉంటుంది. నాసా వారు దానిమీద తేదీ ముద్ర వేసి, కత్తిరించి, తిరిగి ఆ చోదకునికే టపాలో పంపివేస్తారు. పొరపాటు కథ మాత్రం వారి దగ్గర ఉంటుంది.